యాప్రాల్ దిక్కున ఎర్రచుక్క

ఎర్రగానే ఉంటుంది, ఎక్కడికి పోతుంది, పోయిన చలికాలం ఇదే డాబా మీద నిలబడి ఇదే బైనాక్యులర్‌లో చూస్తే ఆరబోయే బీడీ కొసలాగా ఎర్రగా కనబడ్డ చుక్క ఏడాది తిరిగేసరికి రంగు మార్చుకుంటుందా, దానికేం పనీపాటా లేదా, నా కళ్ళే ఇంకా చీకటికి అలవాటు పడి ఉండవు, చుట్టూ అపార్ట్‌మెంట్ల దీపాలు, కాప్రా రోడ్డు మీది ఫంక్షన్ హాలువాళ్ళు ఆకాశంలోకి గిరగిరా తిప్పుతున్న ఆ దిక్కుమాలిన లైటు, ఇటు సికింద్రాబాద్ వెలుతురంతా పైకి లేచి ఆకాశానికి సున్నం కొట్టినట్టుంది, ఇందులో అసలు చుక్క కనబడటమే గొప్ప, అయినా ఉంది, అక్కడే ఉంది, యాప్రాల్ దిక్కున, చిన్నపిల్లలు పలక మీద గీసే గుడిసె బొమ్మలాంటి ఐదు చుక్కలు, ఆ గుడిసె అడుగు గీత దగ్గర సన్నగా, వెతికితే తప్ప దొరకకుండా, ఉంది కానీ పక్కవాటికీ దీనికీ తేడా ఏదీ, అన్నీ ఒక్క తీరుగా, నేల మీద ఒలికిన ఉప్పు పలుకుల్లా, కనబడ్డదా అండీ అని వెనక నుంచి మా ఆవిడ కల్పలత, కనబడ్డది, ఎట్లుంది, ఎట్లుంటది, ఎర్రగనే ఉంది, అని నోరు దానంతటది చెప్పేసింది, నేను ఇంకా చూస్తూనే ఉన్నాను.

గంతసేపు గుడ్లప్పగించి చూడొద్దండీ, అంటుంది, ఇంటికొచ్చినా టీచరే, యాప్రాల్ బడిలో ఫిజిక్స్ చెప్పి వచ్చి ఇక్కడ నాకు చెబుతుంది, ఎర్ర చుక్కతోటి గదే తక్లీఫ్, ఎంతసేపు చూస్తే అంత ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపిస్తది, కన్ను మోసం చేస్తది, ఒక్కసారి చూసి టక్కున చెప్పాలె, పక్క చుక్కల కంటె ఎక్కువనా తక్కువనా, పిల్లలకు సుత గట్లనే నేర్పిస్తున్న, సరే తల్లీ, నాకా చెబుతున్నావు, గూడ్సు బండెక్కిన నాటి నుంచి నా బతుకే అది, ఒక్కసారి చూడటం, టక్కున చెప్పడం, అందులో తప్పు పోతే వెనక ఉన్నది పరీక్ష పేపరు కాదు, నలభై రెండు డబ్బాల బొగ్గు, అని మనసులో అనుకున్నాను కానీ పైకి అనలేదు, పాపం దాని సరదా దానిది, ప్రతి చలికాలం బడి నుంచి ఈ బైనాక్యులర్ తెచ్చి స్టాండుకు బిగించి ఈ చుక్కనే చూస్తుంది, ఎంత పెద్దదో తెలుసా అండీ, మన సూర్యుని జాగల దీన్ని పెడితే భూమి, అంగారకుడు, గురుడి దాకా అన్నీ దాని కడుపులకే పోతయి, అంత రాక్షసి, అయినా చూడుండ్రి, ఎంత దూరముంటే గింత చిన్నగ అయిందో, చావు దగ్గర పడ్డ చుక్కలే గిట్ల ఎర్రబడతయట, ఇంగ్లీషులో దీనికి గోమేధికం అనే పేరట, పోయినేడు ఆ మాట వినగానే నేను నవ్వి నా ఉంగరం చూపించాను, రాహువు బాగాలేడని మా అమ్మ దేవమ్మ పట్టుబట్టి చేయించిన గోమేధికం, చూడు, నీ రాక్షసి నా వేలికే ఉందన్నాను, ఇద్దరం డాబా అదిరేట్టు నవ్వాం, ఇప్పుడు మెట్లగది బల్బు వెలుగులో ఆ ఉంగరం తిప్పి చూసుకుంటే రాయి చింతగింజలా ఉంది, మసిబారిందేమో, సోడా నీళ్ళలో వేయాలి.

నిన్నటి టమాటాల గోల కూడా ఇప్పుడే గుర్తుకు రావాలా, కుషాయిగూడ రైతుబజారులో ఏరి ఏరి తెచ్చాను, వంటింట్లో సంచి బోర్లించి కల్పలత ఒకటే నవ్వు, ఏంది గిది, పచ్చడికి తెచ్చిండ్రా, కూరకు తెచ్చిండ్రా, సగం పచ్చికాయలు సగం పండ్లు, ఒక్కొక్కటి చేతిల పట్టుకొని సుత చూడలేదా, నాకు చిర్రెత్తుకొచ్చింది, బండి దిగి నిద్ర లేకుండా పోయి తెస్తే మళ్ళీ వంకలా అని కేకలేశాను, ఆమె నవ్వు ఆపి నా ముఖం వంక చూసింది, ఆ చూపు నాకు నచ్చలేదు, పిల్లల కాపీ పట్టుకున్నప్పుడు చూసే చూపు అది. నిద్ర లేకే ఇదంతా, గోళీలకు నీరసం ఉంటుందని డాక్టరు ముందే చెప్పాడు కదా, వానాకాలంలో మెడ పక్కన గడ్డ లేస్తే రాంగోపాల్‌పేట్‌లో ఓ ప్రైవేటు డాక్టరుకు చూపించాను, టీబీ అన్నాడు, భయపడకండి, గడ్డలనే ఉంది, ఎవరికీ అంటదు, ఆర్నెల్లు గోళీలు మింగితే పోతది, అని, ఏం పని చేస్తారు మీరు అని అడిగితే ఆఫీసులో ఫైళ్ళ పని అన్నాను, ఎందుకన్నానంటే, మా రైల్వే దవాఖానాకు పోతే మొదట చేసే పని బండి దించడమే, సిక్‌లో పెట్టి ఇంట్లో కూర్చోబెడతారు, తర్వాత బండెక్కిస్తారో కుర్చీలో కూర్చోబెడతారో దేవుడికెరుక, రేపు మార్చిలో ఎక్స్‌ప్రెస్ ఇస్తామంటున్నారు, ఇంతకాలం బొగ్గూ సిమెంటూ లాగినవాణ్ణి, మనుషులను ఎక్కించుకుని పోయే బండి నాకూ ఒకటి రావద్దా, అందుకే ఫైళ్ళ పని అన్నాను, గోళీలు రైల్వే డాక్టరే ఇచ్చాడని కల్పలత అనుకుంటోంది, అనుకోనీ.

మొదట్లో ఎంత హడలిపోయానని, మూత్రం కుంకుమ కలిపిన నీళ్ళలా వస్తే నెత్తురే అనుకుని ఆటో ఎక్కి పరుగెత్తాను, డాక్టరు నవ్వి, గోళీల రంగయ్యా అది, మందు మింగినన్ని రోజులు అట్లనే వస్తది, దానికి పరేషాన్ కావద్దు, పరేషాన్ కావలసింది కండ్ల సంగతికి, రంగులు వెలిసిపోయినట్టు అనిపించినా, పేపరు అక్షరాలు అలికినట్టు ఉన్నా, ఆ క్షణమే గోళీలు ఆపి నా దగ్గరికి రావాలె, గుర్తుంటదా అన్నాడు, ఉంటుంది సార్ అన్నాను, గుర్తుంది కూడా, కానీ నా కళ్ళకేం, మైలురాళ్ళ మీద అంకెలు దూరం నుంచే చదువుతాను, ఇక దసరా దాటాక ఒక రోజు పొద్దున్నే చూసుకుంటే మూత్రం మామూలు రంగే, ఎంత సంబరపడ్డానంటే, ఒంట్లోంచి జబ్బు దిగిపోయింది, మందుకు ఇక రంగు విడవాల్సిన పనే లేదు అనుకుని ఏఎస్ రావ్ నగర్‌లో మిర్చిబజ్జీలు కట్టించుకుని ఇంటికి తెచ్చాను, ఏంది ఇయ్యాల గంత హుషారు అని కల్పలత అడిగితే, ఊరికే అన్నాను.

ఫోను, జేబులో గుర్రుమంటోంది, డ్రైవర్లకు డ్యూటీలు వేసే లాబీ నుంచి, అంటే డ్యూటీ పిలుపు, జకర్యా సార్ గొంతు, విజయేందర్, కాల్ తీస్కుంటవా, కాజీపేట దాక బొగ్గు బండి, లోడుది, రెండు గంటల్ల రావాలె, తీసుకుంటా సార్, ఆషర్ లీవ్ పెట్టిండయ్య, బిడ్డను దవాఖాన్ల షరీక్ చేసిండట, నీకు అసిస్టెంట్ ఓంప్రకాశ్ వస్తడు, కొత్త పిలగాడు, మొన్ననే ట్రైనింగ్ అయింది, జెర మంచిగ చూస్కో, సరే సార్ అని పెట్టేశాను, జకర్యా సార్ అంటే నాకు బండి నేర్పిన గురువు, సిగ్నల్‌ను పొగమంచులో కూడా పట్టేవాడు, అలాంటి మనిషి మెడికల్‌కు పోయి రంగుల చుక్కల పుస్తకంలో అంకె కనబడక బయటికొచ్చాడు, అంతే, ఆ మధ్యాహ్నం నుంచి బండి లేదు, లాబీలో మూల బల్ల ముందర కూర్చుని డ్యూటీకొచ్చే డ్రైవర్ల నోటి దగ్గర ఊదే మిషన్ పట్టుకుంటాడు, తాగి వచ్చాడా లేదా చూడటానికి, ఊదు బిడ్డా ఊదు అంటాడు, ఊదుడు సార్ అని పేరు పెట్టింది ఎవరనుకున్నారు, నేనే, డ్రైవర్లు బస చేసే రన్నింగ్ రూమ్‌లో చపాతీలు తింటూ నేను ఆ పేరు పెడితే పడీ పడీ నవ్వారు అందరూ, ఇప్పుడు దేశంలో సగం డిపోల దాకా పోయింది ఆ పేరు, ఆయనకూ తెలిసే ఉంటుంది, ఒక్కనాడూ అడగలేదు.

నా అసిస్టెంట్ ఆషర్ లేడంటే బండి బోసిపోతుంది, అంతకుమించి ఏమీ లేదు, అలవాటు అంతే, ఆషర్ ముదురు మనిషే, గడ్డం నెరుస్తోంది, ఇవాళో రేపో వాడూ డ్రైవరవుతాడు, ఆదివారం చర్చిలో పాడే గొంతు, ఇంజిన్ మోతలో కూడా గంట కొట్టినట్టు వినబడుతుంది, మా పనిలో ఒక పద్ధతి ఉంది, సిగ్నల్ కనబడగానే డ్రైవర్ చెయ్యెత్తి చూపించి దాని పేరూ రంగూ పైకి చెప్పాలి, అసిస్టెంట్ కూడా చూసి అదే రంగు తిరిగి చెప్పాలి, స్టేషన్ ముందరి హోమ్ సిగ్నల్‌కు హోమ్ గ్రీన్ అని నేనంటే హోమ్ గ్రీన్ సార్ అని వాడు, రెండు నోళ్ళు, నాలుగు కళ్ళు, ఒకడు పొరబడితే ఇంకొకడు పట్టుకోవాలని, ఈ ఆషర్ ఈమధ్య ఆ వరస తప్పించాడు, నేను నోరు తెరిచే లోపలే ఆ గొంతు, డిస్టెంట్ ఎల్లో సార్, స్టార్టర్ గ్రీన్ సార్, ఒకసారి ఒళ్ళు మండి అడిగేశాను, ఏందయ్యా ఆషర్, బండి నువ్వు నడుపుతున్నవా నేను నడుపుతున్ననా, పెద్దోని నోట్లకెళ్ళి మాట గుంజుకుంటవేంది, సారీ సార్, నోరు ఆగది సార్, అన్నాడు తలొంచుకుని, తర్వాతి సిగ్నల్‌కు మళ్ళీ వాడే, సిగ్గులేనివాడు, పైగా ప్రతి డ్యూటీ నాతోటే, మొన్న జకర్యా సార్ అననే అన్నాడు, ఆషర్‌కు నువ్వంటే ఎంత పానమయ్య, బతిలాడి బతిలాడి నీ బండికే ఏయించుకుంటుండు, అని, నాకు లోపల గర్వమనిపించింది, నా దగ్గర పని నేర్చుకోవాలని కామోసు.

పని నేర్పలేదా మరి, దీపావళి వెళ్ళాక ముసురు పట్టిన ఆ సాయంత్రం, మలుపు తిరిగేసరికి ఎదురుగా రెడ్, దాని అవతల ఆగి ఉన్న ప్యాసింజర్, నేను చూశాను, నా చెయ్యి బ్రేకు మీదే ఉంది, లాగాను, ఆషర్ కూడా రెడ్ సార్ రెడ్ అని అరిచాడు, బండి చక్రాలన్నీ కీచుమంటూ సిగ్నల్‌కు గజాల దూరంలో ఆగింది, ఎదురుగా ప్యాసింజర్ ఆఖరి డబ్బా తలుపు దగ్గర ఒకామె పిల్లాడి ముఖం కడుగుతోంది, సీసాలో నీళ్ళు చేతిలో పోసుకుని, వాడు ఏడుస్తున్నాడు, ఆమె ఒకసారి తలెత్తి మా ఇంజిన్ వంక చూసి మళ్ళీ కడుగుతూ ఉండిపోయింది, ఏం జరగబోయిందో ఆమెకేం తెలుసు, రన్నింగ్ రూమ్‌లో ఆ కథ ఎన్నిసార్లు చెప్పానో, కండ్లల్ల వత్తులేసుకొని నడపాలెరా బండి అంటే గిట్ల, అని, ఆషర్ పక్కనే కూర్చుని పళ్ళెంలో అన్నం కెలుకుతూ ఉన్నాడు, నన్ను పొగడటానికి ఏం పోయింది వాడికి అనిపించింది.

మళ్ళీ ఫోను, ఈసారి ఆషరే, ఎట్లున్నదయ్యా బిడ్డకు అన్నాను, జ్వరం దిగలేదు సార్, సెలైన్ ఎక్కిస్తున్నరు, గది కాదు సార్, మీకు కాల్ వచ్చిందా, వచ్చింది, తీసుకున్న, అవతల ఏదో మూలుగుతున్న మిషన్ చప్పుడు, ఆస్పత్రి వరండాలో ఎవరో దగ్గుతున్నారు, సార్, ఏమనుకోవద్దు, ఇయ్యాల పోకుండ్రి సార్, సిక్ అని చెప్పుండ్రి, ఎందుకయ్యా, నాకేమైంది, నేను లేను కద సార్ అన్నాడు, నువ్వు లేకుంటే బండి నడవదా ఏందిరా, అని నేను గొంతు పెంచాను, గది కాదు సార్, ఓంప్రకాశ్ మంచోడే కని కొత్తోడు, మీరు ఏదంటే గదే అంటడు, మీరే పోయి చెప్తరు చెప్తరు అని రోజూ చూసిన సార్, నేనే పోయి చెప్తే మీ కడుపు కొట్టినోన్ని అయితనని భయం, రాత్రి నిద్ర పడ్తలేదు సార్ నాకు, ఏం చెప్పాలిరా, ఏం చెప్పాలి, ఏం చూశావురా నువ్వు, అని అరిచేసరికి కింద ఇంటివాళ్ళ కుక్క మొరిగింది, నేనే ఫోను పెట్టేశాను, ఎంత ధైర్యం వీడికి, నాకు, నాకు చెబుతాడా, నేను రైల్వేలో చేరిన నాటికి వీడు నిక్కరు వేసుకుని తిరిగేవాడు.

ఎవరండీ, అంటుంది కల్పలత, ఎవరో, డ్యూటీ ఫోను, గంత అరిచిండ్రేంది, ఏం లేదు, కిందికి పోదాం, అన్నం డబ్బా సర్దు, ఒక్క నిమిషం, పిల్లలకు రేపు చెప్పాలె, రెండో మనిషి సుత చూస్తేనే లెక్క సరిగ్గ వస్తది, మీరు ఒక్కసారి చూసి చెప్పుండ్రి, అని బైనాక్యులర్ మీద వంగి మర అటూ ఇటూ తిప్పి పక్కకు జరిగింది, నేను కళ్ళు ఆనించాను, చుక్క, మధ్యలో, మెరుస్తోంది, ఏం రంగు, ఎరుపు అన్నాను, టక్కున, ఆమె నేర్పినట్టే, ఎంత ఎరుపు, మస్తు ఎరుపు, నిప్పు లెక్క, అన్నాను, ఇంకాస్త గట్టిగా చెబితే కిందికి పోవచ్చని. ఫంక్షన్ హాలులో డోలు వాయిస్తున్నారు. తిరిగి చూస్తే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, అండీ, నేను తిప్పిన, గది ఎర్రచుక్క కాదు, దాని పక్కన ఉన్న తెల్లది, మల్లెపువ్వు లెక్క తెల్లగుంటది, నిన్న టమాటల కాడనే నాకు అనుమానమైంది, ఊరికే చూద్దామని, అబద్ధం పడాలె దేవుడా అనుకుంటనే తిప్పిన, ఏంది గిది, మీకు కనబడ్తలేదా, మరి సిగ్నళ్ళు, అండీ, మరి సిగ్నళ్ళు ఎట్ల చూస్తున్నరు మీరు, నా చెయ్యి పట్టుకుని ఊపేస్తోంది, పగలైతే స్తంభం కనబడుతుంది, ఎరుపు అన్నిటికన్నా కింద ఉంటుంది, చోటును బట్టి చెప్పవచ్చు, రాత్రి స్తంభం ఉండదు, దూరం నుంచి ఒక్క చుక్క మాత్రమే ఉంటుంది, ఇదిగో, ఇలాంటి చుక్క, రంగు తప్ప దానికి మరో గుర్తు లేదు.

ఆమె ఏడుస్తోంది, ఎన్నో ఏళ్ళ తర్వాత చూస్తున్నాను ఆమె ఏడవడం, గోళీలు ఇచ్చిన డాక్టరుకు మీరు డ్రైవరని తెలుసా అని అడిగింది, తెలియదన్నాను, ఆమె డాబా గోడకు ఆనుకుని కింద కూర్చుంది, నాకు ఒక్కసారిగా దసరా తర్వాతి ఆ పొద్దు గుర్తుకొచ్చింది, గోళీలు మారలేదు, మరి రంగెందుకు మారుతుంది, మందు మింగినన్ని రోజులూ అట్లనే వస్తది అని ఆయన చెప్పనే చెప్పాడు, రోజూ కుంకుమ నీళ్ళలాగే వస్తూ ఉండి ఉంటుంది, నేనే తెల్లగా చూశాను, చూసి సంబరపడి బజ్జీలు తెచ్చి పెళ్ళానికి పెట్టాను, కళ్ళు పోతున్నందుకు పండగ చేసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణేనేమో ఈ లోకంలో, నవ్వు వచ్చింది, నిజంగానే నవ్వాను, కల్పలత భయపడి తలెత్తి చూసింది, ఎక్స్‌ప్రెస్ పోయింది, బండి పోయింది, పోయిన కళ్ళు తిరిగి వస్తాయో రావో, ఎవరు చెప్పాలి, ఊదు బిడ్డా ఊదు అంటూ రెండో బల్ల వేస్తారు నాకు, పక్కపక్కనే కూర్చోవాలి ఇద్దరం, గురువూ శిష్యుడూ, ఎవడో చపాతీ తింటూ నాకూ ఒక పేరు పెడతాడు.

అయినా ఈ ఒక్క రాత్రి, ఒక్కటే, కాజీపేట దాకా, దారి నాకు కంఠతా వచ్చు, ఏ మలుపులో ఏ స్తంభమో కళ్ళు మూసుకుని చెబుతాను, పోయి వచ్చి రేపు పొద్దున్నే చెబుతాను, బుద్ధి ఎంత నీచమైంది, ఇంకా బేరమాడుతోంది, కళ్ళు మూసుకుని చెబుతాను అంటోంది, సరే, చెప్పు, ఎక్కు బండి, ఓంప్రకాశ్ ఎడమ పక్క కూర్చుంటాడు, కొత్త యూనిఫాం, కొత్త టార్చి, పెద్ద డ్రైవరుతో పోతున్నానని ఈపాటికి వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పుకుని ఉంటాడు, పద్ధతిగా నేర్చుకుని వచ్చాడు, పెద్దాయన చెప్పేదాకా నోరు తెరవడు, వాడు ఆషర్ కాదు, దూరంగా ఒక చుక్క కనబడుతుంది, ఇద్దరం చూస్తాం, నేను ఇవాళ తెల్లచుక్కను ఎరుపు అన్నట్టే టక్కున చెయ్యెత్తి హోమ్ గ్రీన్ అంటాను, వాడికి ఎరుపే కనబడుతుంది, కనబడినా, ఇన్నేళ్ళ అనుభవం, ఈయన చెబితే అంతే అయి ఉంటుందనుకుని, ఒక్క క్షణం తడబడి, హోమ్ గ్రీన్ సార్ అంటాడు, రెండు నోళ్ళూ సరిపోయాయి, పద్ధతి ప్రకారం అంతా సరిగ్గా ఉంది, వెనక బొగ్గంతా తోసుకొస్తుంది, ఎదర తలుపు దగ్గర ఒకామె.

ఫోను తీశాను, ఉంగరం తీసి గోడ మీద పెట్టాను, కల్పలత లేచి వచ్చి పక్కన నిలబడింది, నా భుజం మీద చెయ్యి వేసింది, జకర్యా సార్, నేను విజయేందర్‌ని, చెప్పవయ్య, బయల్దేరినవా, లేదు సార్, నన్ను తీసెయ్యండి సార్, ఇంకెవరినన్నా పిలవండి, ఏమైందయ్య, ఇందాక మంచిగనే ఉంటివి కద, సార్, నాకు ఎరుపు కనబడ్తలేదు, అన్నాను, అనేశాను, ఇంత చిన్న మాట, అవతల లాబీలో ఫ్యాను తిరుగుతోంది, ఎవడో మిషన్‌లో ఊదుతున్నాడు, పీమని కూసింది, ఆయన కుర్చీ జరుపుకుని కాస్త దూరం పోయినట్టున్నాడు, గొంతు తగ్గించి, ఎన్నటి సంది బిడ్డా, అన్నాడు, ఊదే మిషన్ దగ్గర తప్ప నన్ను బిడ్డా అని ఆయన పిలిచి ఎన్నేళ్ళయిందో, ఎన్నటి సంది అంటే, ఇయ్యాలనే తెలిసింది సార్ అని నాలుక చివరి దాకా వచ్చింది, ఇవాళే, డాబా మీద, చుక్కను చూస్తే, అని, కానీ ఆ ముసురు సాయంత్రం కళ్ళ ముందర నిలబడిపోయింది, మలుపు, వాన అద్దం మీద జారుతోంది, ఎదురుగా ఒక చుక్క, పలచగా, ఏ రంగూ లేకుండా, నేను దాన్ని చూస్తూనే ఉన్నాను, నా చెయ్యి నా తొడ మీద ఉంది, ఔను, తొడ మీద, బ్రేకు మీద కాదు, బండి అదే వేగంతో పోతోంది, అప్పుడు రెడ్ సార్ రెడ్ అని చర్చిలో పాడే ఆ గొంతు, అది విన్నాకే చెయ్యి లేచింది, జకర్యా సార్ మళ్ళీ అడుగుతున్నాడు, విజయేందర్, ఎన్నటి సంది, ఆమె నీళ్ళు పోసి పిల్లాడి ముఖం కడుగుతూనే ఉంది, ముందు ఆషర్ గొంతు, ఆ తర్వాతే నా చెయ్యి.